ఊడ్చిన వీధిని మళ్లీ ఊడ్చినవాళ్లు

షోలాపూర్‌లో మా భవాని పేట్ సందులో మగవాళ్లు పరిగెత్తారంటే అప్పటిదాకా రెండే కారణాలు. పనికి పిలిచే మిల్లు భోంగా, అంటే సైరను, మోగాక కూడా ఇంట్లోనే ఉండిపోవడం ఒకటి, కుక్క వెంటపడటం ఇంకొకటి. ఏ కారణమూ లేకుండా, తెల్లబూట్లు తొడుక్కుని, బొజ్జలు ఊపుకుంటూ పరిగెత్తేవాళ్లను ఎనభైల చివర్లో మొదటిసారి చూశాం. చూసి కడుపుబ్బ నవ్వాం. కొన్నాళ్లకు వాళ్లు సేవ కూడా చేస్తారని తెలిసింది. ఆ తర్వాత నవ్వు రాలేదు.

వాళ్ల పెద్ద మా బాపు పనిచేసే కార్ఖానా సేటు. నాన్నను మేం బాపు అనేవాళ్లం. సేటు పరాయివాడేం కాదు. వాళ్ల తాతా మా తాతా ఒకే రైలు ఎక్కి తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లు. మావాళ్లు మగ్గం దగ్గరే ఉండిపోతే వాళ్లు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, పెట్టుకుని సేట్లయ్యారు. వరసకు బాపు ఆయనకు మామ అవుతాడు. కార్ఖానాలో "ఏయ్, సాంచె ఆగిందేంరా" అని అరిచే మనిషి, నలుగురిలో ఉంటే మాత్రం "ఏం మామా" అంటూ భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆయనకు చక్కెర జబ్బు వచ్చిందని, రోజూ పరిగెత్తమని డాక్టరు చెప్పాడట. ఒక్కడే చెమటలు కక్కడం నామోషీ. అందుకని తనలాంటి బొజ్జలన్నిటినీ పోగేశాడు: ఇద్దరు కార్ఖానాదార్లు, ఒక నూలు వ్యాపారి, ఒక బ్యాంకు ఆఫీసరు, ఒక పళ్ల డాక్టరు. బొజ్జ కోసం పరిగెత్తుతున్నాం అంటే జనం నవ్వుతారు కదా, అందుకని సేవ అన్నారు. బనీన్ల మీద ఆ మాట మరాఠీలో అచ్చు వేయించుకున్నారు. ప్రతి ఆదివారం ఏదో ఒక పేట్‌కు పరిగెత్తి రావడం, కాసేపు చీపురు పట్టడం, ఎవరింటి ముందో చాయ్ తాగడం. చీపుర్లు వెనకాల జీపులో వచ్చేవి. తిరిగి పోయేటప్పుడు మనుషులు కూడా ఆ జీపులోనే పోయేవారు.

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా చిన్నమ్మ వాళ్ల వీధికి కూడా సేవ చేసి వచ్చారు. అక్కడ ఆడవాళ్లందరూ పొద్దంతా గడపల్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లే. పళ్ల డాక్టరు వాళ్లను నిలబెట్టి, చేతులు పైకెత్తించి, "గట్ల పొద్దంత కూసోవద్దు, నడుములు పోతయ్" అని ఉపదేశం చేశాడట. "మరి కూసోకుంటే బీడీలు మీ ఇంటోళ్లు చుడతరా అయ్యా?" అని చిన్నమ్మ అడిగిందట. ఆయన నవ్వి, పక్క ఇంటికి ఉపదేశం చేయడానికి వెళ్లాడట. పోతూ పోతూ నాలుగు మొక్కలు నాటి, వాటి పక్కన ఫోటో దిగారు. సాయంత్రానికి మేకలు వాటి పని పట్టాయి. మేకల్ని నేను తప్పు పట్టను.

ఇక మా ఇంటి సంగతి. మా సందులో చిన్న గుడి ఉంది. శ్రావణ పున్నమి నాడు అందులోని దేవుడికి కొత్త పంచె కట్టడం మావాళ్ల ఆచారం. ఆ పంచె కొన్నది కాకూడదు. సందులో ఒక ఇంట్లో, చేతి మగ్గం మీద, ఆ ఇంటి పెద్ద స్వయంగా నెయ్యాలి. ఏడాదికొక ఇల్లు, వరసగా. ఆ ఏడు మా వంతు. మా తాత ఉన్నప్పుడు ఒకసారి వచ్చిందట, ఆయన నేస్తుంటే బాపు పక్కన కండెలు అందించాడట. మళ్లీ ఇన్నాళ్లకు వచ్చింది.

అప్పటికి బాపు మగ్గం వదిలేసి సేటు సాంచెల మీద చేరి చాలా ఏళ్లయింది. మగ్గం కర్రలు అటక మీద ఉన్నాయి. మగ్గం గుంట మీద పలకలు పరిచి, దాని మీద అమ్మా నేనూ కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. ఆషాఢం రాగానే బాపు ఆ పలకలు లేపేశాడు. చాటలు, ఆకు గోనెలు తీసుకుని మేం గడపలోకి జరిగాం. చినుకు పడితే తడిసేది మేమే. అయినా నా కోపిష్టి తల్లి ఒక్క మాట అనలేదు. బాపు గుంట కడిగి, కర్రలకు నూనె రాసి, అందులో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. కార్ఖానాలో పాళీ, అంటే షిఫ్టు, ముగిసి వచ్చాక కూడా ఆయన మొహం అంత తేటగా ఉండటం నేను అప్పుడే చూశాను. "ఈ ఒక్క పంచె మంచిగ అయితె చాలు బిడ్డా, నా పనితనం నాకు యాదికున్నదా లేదా తెలుస్తది" అన్నాడు.

నేసే ముందు పడుగుకు గంజి పెట్టాలి. పడుగంటే నిలువు పోగులు. వాటిని వీధి పొడుగునా అడ్డకర్రల మీద సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుకుంటూ పోవాలి. గంజి తడి ఆరేదాకా ఆ పోగుల మీద ఏం పడినా అతుక్కుపోతుంది. అందుకే తెల్లారగట్ల, గాలి లేవకముందే చేస్తారు. వానాకాలం కాబట్టి ఆకాశం చూసుకుంటూ కూర్చున్నాం. చివరికి ఒక ఆదివారం తెరిపిచ్చింది.

సందులోని ఆడవాళ్లందరూ చీకటితోనే లేచారు. ఎవరి వాకిలి ముందు వాళ్లు నీళ్లు చల్లి ఊడ్చారు. పొయ్యి బూడిద, నూలు చెత్త, బీడీలకు కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కలు, అన్నీ సందు మొదట్లో కుప్ప చేశారు. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోయేది. సందు అద్దంలా ఉంది. బాపు, పక్కింటి పెద్దయ్య కలిసి పడుగు సాచారు. తెల్లటి పోగులు సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా. బాపు కుంచె తీసుకుని ఒక్కో అడుగే వేస్తూ పోతున్నాడు.

అప్పుడు ఈల వినిపించింది.

సేవ మా సందుకు వచ్చింది. ఆ రోజు వెంట మరాఠీ పేపరు ఫోటోగ్రాఫరు కూడా ఉన్నాడు. వచ్చినవాళ్లు సందు మొదట్లో నిలబడి ఆయాసం తీర్చుకున్నారు. జీపు నుంచి చీపుర్లు దించారు. చూస్తే ఊడవడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోతే సంతోషించి పోవాలి కదా! పోలేదు. శుభ్రంగా ఉన్న వీధిలో చీపురు పట్టుకుంటే ఫోటోలో ఏం కనబడుతుంది? ఫోటోగ్రాఫరు అదే అన్నాడు. సేటు అటూ ఇటూ చూశాడు. ఆడవాళ్లు కూడబెట్టిన కుప్ప కనబడింది. బ్యాంకు ఆఫీసరు, నూలు వ్యాపారి పారలు తీసుకుని ఆ కుప్పను సందు మధ్యకు ఎగజిమ్మారు. నీళ్లు చల్లాలన్న జ్ఞానం కూడా లేదు. జన్మలో చీపురు పట్టని చేతులతో, పొడి బూడిదను, నూలు పీచును, ఆకు ముక్కలను, అందరూ కలిసి ఒక్కసారిగా ఊడవడం మొదలుపెట్టారు.

దుమ్ము పొగలా లేచి పడుగు వైపు కదిలింది.

బాపు కుంచె కింద పడేసి, రెండు చేతులూ పైకెత్తి వాళ్ల వైపు ఉరికాడు. "సేట్! ఆగుండ్రి! గంజి తడి ఉన్నది, ఆగుండ్రి!" పక్కన అరుగు మీద నిలబడిన ఫోటోగ్రాఫరు "హా, హా, అసంచ్", అట్లాగే ఉండమంటూ ఫోటో తీశాడు. సేటు బాపు వైపు చూడనే లేదు. ఆయన చూపు కెమెరా మీద ఉంది. ఫోటో పడ్డాకే చీపురు ఆపాడు.

అప్పటికి పోగులన్నీ బూడిదరంగుకు తిరిగాయి. ఆకు ముక్కలు గంజిలో అతుక్కున్నాయి. బాపు పడుగు పక్కన నిలబడి ఒక పోగు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తున్నాడు.

సేటు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "అరే మామా, గింతదానికే పరేషాన్ ఎందుకయితవ్? మన కార్ఖానల మంచి పంచెలున్నయ్, ఒకటి తీస్కపో. దేవునికేం తెలుస్తది, చేతిదా కరెంటుదా అని?"

"దేవునికి ఏం తెల్వదంటే నువ్వు గుడికెందుకు పోతవ్ సేట్?" అంది అమ్మ గడపలోంచి. లేచి వచ్చింది. "సేవకే వచ్చిండ్రు గద. మంచిది, కూసోండ్రి. ఒక్కొక్క పోగు పట్టుకొని చెత్త ఏరుండ్రి. మేం గూడ కూసుంటం."

నలుగురి ముందు మాట పడాల్సి వచ్చిందని సేటు గొంతుక్కూర్చున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు. పళ్ల డాక్టరుకు మోకాళ్లు వంగలేదు, నిలబడే వంగి రెండు ఆకు ముక్కలు తీశాడు, రెండు పోగులు తెంపాడు. ఫోటోగ్రాఫరు అప్పటికే వెళ్లిపోయాడు కనుక ఈ సేవకు ఫోటో లేదు. కాసేపటికి బ్యాంకు ఆఫీసరు గడియారం చూసుకుని "ఉశీర్ ఝాలా, తాయీ" అన్నాడు. ఆలస్యమైందట! ఆదివారం పూట ఆయనకు ఏం ఆలస్యమో! ఒక్కొక్కరే లేచి చేతులు దులుపుకున్నారు. జీపు స్టార్టయింది.

ఆ రోజంతా సందులోని ఆడవాళ్లు ఆ పడుగు మీద వంగి కూర్చున్నారు. ఏరిన కొద్దీ వస్తూనే ఉంది. నీళ్లలో ముంచి కడిగితే పోగులు చిక్కుపడ్డాయి. చిక్కు తీసి మళ్లీ గంజి పెడదామంటే వాన పట్టుకుంది. ఎట్లాగో ఇంట్లోనే ఆరబెట్టి, అతికి, మగ్గానికి ఎక్కించాడు బాపు. పాళీ నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా గుంటలోకి దిగేవాడు. పోగు తెగడం, ఆయన అతకడం, మళ్లీ తెగడం. గడపలో కూర్చున్న మాకు మగ్గం చప్పుడు కంటే అది ఆగిపోవడమే ఎక్కువ వినబడేది. పున్నమి ముందు రోజు బాపు గుంటలోంచి లేచాడు. నేసింది జానెడు. దాన్ని కోసి అమ్మ చేతికిచ్చి, కర్రలు విప్పి అటక మీద పెట్టాడు.

దేవుడికి సేటు పంచె కట్టారు. పూజారి ఎన్ని మడతలు పెట్టినా కార్ఖానా ముద్ర దేవుడి మోకాలి మీద నీలంగా కనబడుతూనే ఉంది. మైకులో సేటు పేరు చెప్పారు, ఆయన చేస్తున్న సేవ గురించి చెప్పారు. తెల్లబూట్లవాళ్లు వరసగా నిలబడి దండలు వేయించుకున్నారు. బాపు జనం వెనకాల నిలబడి దండం పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. నాకు ఆ రోజు దేవుడి మీద కూడా గౌరవం తగ్గింది. ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు.

ఆ ఆదివారం తీసిన ఫోటో మాత్రం తర్వాత పేపర్లో పడింది. ఒక పక్క చీపుర్లతో సేటు, ఆయన బొజ్జల పటాలం, కెమెరా వైపు నవ్వుతూ. ఇంకో పక్క రెండు చేతులూ పైకెత్తి మా బాపు, ఆయన వెనక పడుగు. కింద మరాఠీలో రాశారు, సేవకు వచ్చినవాళ్లకు ఒక నేతకారుడు సంతోషంగా స్వాగతం చెబుతున్నాడని. సేటు దాన్ని పెద్దది చేయించి, అద్దం కట్టించి, కార్ఖానా ఆఫీసులో తన కుర్చీ పైన తగిలించాడు. బాపు బతికున్నన్నాళ్లూ ఆ ఫోటో ముందు నుంచే పాళీకి పోయాడు.

"బాపూ, అది తియ్యమని అనరాదా?" అని ఒకసారి అడిగాను.

"ఉండనియ్ బిడ్డా," అన్నాడు. "పడుగైతే మంచిగ పడ్డది అండ్ల."

బాపు పోయింది తొంభైల మధ్యలో. మా ఇంటి వంతు మళ్లీ రానే లేదు. పెద్దకర్మకు ముందు దండ వేయడానికి ఫోటో వెతికితే, ఇంట్లో బాపుది ఒక్కటీ లేదు. పొయ్యి మీద పాలు వదిలేసి నేను కార్ఖానాకు నడిచాను. పరుగు మండలి అప్పటికి ఎప్పుడో చచ్చింది. సేటు ఇంట్లోనే కదలని సైకిల్ తొక్కుతున్నాడట. ఇప్పుడు సేవ ఎవరికి చేస్తున్నాడో నేను అడగలేదు. విషయం చెప్పగానే ఆఫీసులో ఒక మనిషిని కుర్చీ ఎక్కించి ఫోటో దింపించాడు. అద్దం మీది దుమ్ము తన రుమాలుతోనే తుడిచాడు.

"తీస్కపో అమ్మా. మీ బాపు మమ్ముల ఎంత ప్రేమతోని పిలిచిండో చూడు," అన్నాడు. కళ్లు తడి చేసుకున్నాడు కూడా. నిజంగానే నమ్ముతున్నాడు! ఇన్నేళ్లూ దాని కింద కూర్చుని, తన సాంచెల మీద పనిచేసే మనిషి నోరు తెరిచి ఏమంటున్నాడో ఒక్కసారైనా తలెత్తి చూడలేదు. అలాంటి మనిషికి జవాబు చెప్పి నా నోరు పాడుచేసుకోవడం ఎందుకని, ఫోటో తీసుకుని వచ్చేశాను.

ఇంటికి రాగానే అద్దం విప్పి, బీడీ ఆకులు కత్తిరించే కత్తెరతో సేటునూ ఆయన పటాలాన్నీ కత్తిరించి పొయ్యిలో పడేశాను. బాపు మిగిలాడు. చేతులు పైకెత్తి, నోరు తెరిచి. వెనక సందు చివరి దాకా తెల్లగా పడుగు, ఇంకా దుమ్ము పడనిది.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడ మీద ఉంది. వచ్చినవాళ్లు చూసి, "మీ బాపు ఎవరికో రాం రాం చెప్తున్నడు గదా?" అంటారు.

"ఎవ్వరికి చెప్తలేడు," అంటాను. "ఆగుమంటున్నడు."