ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు

సిస్టరమ్మ పోయారన్న కబురు బుధవారం ఉదయం పలాస ఆసుపత్రిలో, డయాలసిస్ గదిలో తెలిసింది. మా ఆవిడ యంత్రం మీద ఉంది. ఇంకా రెండు గంటలు పడుతుంది. పక్క మంచం మీదున్న మందస ఊరాయన ఫోను పక్కన పెట్టి, "సిస్టరమ్మ తెల్లారగట్ల పోనారంట" అన్నాడు. గదిలో ఉన్న అయిదు మంచాల మీదా ఎవరూ లేవడానికి లేదు. లేవాలంటే నర్సు వచ్చి గొట్టాలు తీయాలి. అందరూ పైకప్పు చూస్తూ పడుకున్నారు. మా ఆవిడ నా వైపు తల తిప్పి, "ఇంక నానెవలకి సెప్పాల?" అంది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మీకు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నేను పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో రోజువారీ లెక్కలు రాస్తాను. మా ఊరి చివర సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రి ఉంది. రెండు గదులు, ఒక వరండా. సిస్టరమ్మ అందులో నర్సు. చిన్న వయసులో కేరళ నుంచి వచ్చారు. తెలుగు మా ఇళ్లలోనే నేర్చుకున్నారు గనుక మాలాగే మాట్లాడేవారు, మాట చివర మాత్రం వాళ్ల వైపు సాగదీత ఒకటి ఉండేది. "ఏటమ్మా, నిన్నేటి తిన్నావు?" అంటూ గుమ్మంలో చెప్పులు దులుపుకుని లోపలికి వచ్చేవారు. ఎలా ఉన్నావని ఎవరినీ అడగగా నేను వినలేదు. అలా అడిగితే మా వాళ్లు బాగున్నామనే చెబుతారు. నిన్న తిన్నదేమిటంటే దాచకుండా చెబుతారు.

కిడ్నీ జబ్బు మా వైపు కొత్త కాదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు కొలత ప్రకారమే నీళ్లు తాగాలి. ఒంట్లో నీరు చేరిందో లేదో బరువు చూస్తే తెలుస్తుంది. అందుకని సిస్టరమ్మ బరువు చూసే మిషను బియ్యం సంచిలో వేసుకుని ఇసుకలో నడిచి వచ్చేవారు. జబ్బు మనిషిని ముందు ఎక్కనిచ్చేవారు కాదు. "ముందు ఇంట్లో మొగోళ్లెక్కాల" అనేవారు. ఒకసారి మా బావమరిది ఎక్కితే ముల్లు చూసి, "నీకు మందు రాయక్కర్లేదు బాబూ, పని రాయాల" అన్నారు.

"పనుంటే నువ్వే ఇప్పించు సిస్టరమ్మా. నీ మిషను మోత్తాను."

"నువ్వు మోత్తే మిషనుకి ఆయాసమొత్తాది."

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వులోనే మిషనెక్కింది.

నాకు ఏ రోజుది ఆ రోజు రాసుకునే అలవాటుందని తెలిసి, మా ఆవిడ బరువూ తాగిన నీళ్లూ రాయమన్నారు. పొద్దున్నే ఆ రోజు నీళ్లు ఒక సీసాలో పోసి పెడతాం. టీ తాగితే ఆ మేరకు సీసాలోంచి తీసేస్తాం. నాకు మాటలు తక్కువ. సిస్టరమ్మ నన్ను మాట్లాడించకుండా పుస్తకం అందుకుని చదువుకునేవారు.

మొదటి ఏడాది ఎండాకాలంలో ఒక తప్పు జరిగింది. బావమరిది కొబ్బరితోటలో కాయలు దింపి మా ఇంటికి వచ్చాడు. మా వైపు గడప తొక్కినవాళ్లకు బొండం కొట్టి ఇస్తాం, వద్దంటే నొచ్చుకుంటాం. జబ్బు మనిషికైతే చలవ అని మరీ బతిమాలి ఇస్తాం. మా ఆవిడ నాలుక పిడచకట్టుకుని ఉంది. వాడు కొట్టాడు, నేను చేతికందించాను. మర్నాటికి ఆమె కాళ్లు చచ్చుబడి లేవలేకపోయింది. సిస్టరమ్మ వచ్చి మణికట్టు పట్టుకున్నారు.

"ఏటి తాగినాది?"

నేను పుస్తకం చూపించాను. చదివి, "ఇందులో తప్పు లేదే" అన్నారు.

గుమ్మంలో నిలబడ్డ బావమరిది అందుకున్నాడు. "నీళ్లేటీ ఎక్కువ తాగలేదు సిస్టరమ్మా. బొండాలు తాగినాది, రెండే. సలవ సేత్తాదని బావే ఇచ్చినాడు."

బొండాన్ని నేను నీళ్ల కింద రాయలేదు. అది నీళ్లని నాకు తోచలేదు.

సిస్టరమ్మ నన్ను తిట్టలేదు. జీపు పిలిపించి, పలాస దాకా మా ఆవిడ మణికట్టు వదలకుండా కూర్చున్నారు. గండం గడిచాక, సాయంత్రం బయట బల్ల మీద కూర్చుని చెప్పారు. "బొండంలో ఉండే లవణం మనకైతే మూత్రంలో పోతాది బాబూ. ఆమెకి పోదు, గుండె మీద పడతాది. నీళ్లు తగ్గించమన్నాను గానీ బొండం మాట సెప్పలేదు. మా ఊళ్లోనూ జబ్బు మనిషికి బొండమే ఇత్తారు. నాకు తట్టాల్సింది. తప్పు నాది."

ఇచ్చిన చెయ్యి నాది. అయినా సిస్టరమ్మ తన మీద వేసుకుంటే నేను ఊరుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆవిడతో ఆ మాట అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ తర్వాత సిస్టరమ్మ రోగులతో కంటే బొండం ఇచ్చేవాళ్లతో ఎక్కువ మాట్లాడేవారు. ఎవరింటికి వెళ్లినా తనకు కొట్టబోయిన బొండాన్ని వీధికంతా వినబడేలా వద్దనేవారు. "ఏటి సిస్టరమ్మా, మా ఇంట్లో తాగవా?" అని ముసలమ్మలు మూతి ముడుచుకునేవారు. "నన్ను తిట్టుకోండి. నన్ను తిట్టీసినాక, జబ్బు మనిషి వద్దంటే తిట్టడానికి మీకు ఓపికుండదు" అనేవారు. మెల్లగా మా ఊళ్లో బొండం వద్దనడం తప్పు కాకుండా పోయింది.

వారానికి మూడు రోజులు ఆటో, యంత్రం, మళ్లీ ఆటో. నాలుగో ఏటికి మా ఆవిడ విసిగిపోయింది. నేనూ అలసిపోయాను, పైకి అనలేదు. ఒక ఉదయం ఆటో వచ్చి హారన్ కొడుతుంటే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. "నానెల్లను. సాలింక. ఒగ్గీయండి" అంది. నేను సిస్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆవిడ మంచం పట్టీ మీద కూర్చున్నారు. దేవుడి మాట ఎత్తలేదు, మా అమ్మాయి కోసమైనా బతకమనీ అనలేదు.

"మానెయ్యాలంటే మానెయ్యమ్మా. ఒళ్లు నీది. గానీ ఆయాసంలో ఉండి సెప్పకు. డయాలసిస్ అయిన మర్నాడు, ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు నా దగ్గరికొచ్చి సెప్పు. ఆ రోజు సెప్తే నానే మీ ఆయనకి నచ్చజెప్తాను."

"ఒప్పుకుంటావా నిజంగా?"

"ఒప్పుకుంటాను."

"ఒట్టెయ్యి."

"ఒట్టు తరవాతేద్దాం. బేగి లే, ఆటో అతను ఎల్లిపోతాడు."

ఆ తర్వాత తేలిగ్గా ఉన్న రోజుల్లో మా ఆవిడ రెండుసార్లు ఆ వరండాకు వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. రెండుసార్లూ అక్కడ కూర్చుని దూది ఉండలు చుట్టి ఇచ్చి వచ్చింది. మర్నాడు ఆటో ఎక్కింది. పోయిన నెల సిస్టరమ్మకు బాగా నీరసం చేసి, టెక్కలిలో సిస్టర్లుండే ఇంటికి తీసుకెళ్లారు. ఆవిడ ఇక తిరిగి రారు. ఒళ్లు తేలిగ్గా ఉన్న రోజు ఆ మాట ఇంక ఎవరికి చెప్పాలని, బుధవారం యంత్రం మీద పడుకుని మా ఆవిడ అడిగింది అదే.

గురువారం టెక్కలి దగ్గర సిస్టర్ల సమాధుల తోటలో పూడ్చారు. డయాలసిస్ అయిన మర్నాడు. బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. ముఖంలో వాపు లేదు, ఊపిరి ఇబ్బంది లేకుండా తీస్తోంది. మానేస్తానన్న మాట ఇప్పుడు నాతో అంటుందేమోనని దారంతా భయపడ్డాను. ఆమె పొలాలు చూస్తూ కూర్చుంది.

అక్కడ మా ఊళ్ల జనం బాగా వచ్చారు. ఒకరి వెనక ఒకరు పిడికెడు మట్టి వేస్తున్నారు, వెనకవాళ్లు తోస్తున్నారు. మా ఆవిడకు ఎడమ చేతి నరం పాడైపోయాక కుడి చేతి నరంలోంచే యంత్రానికి రక్తం వెళ్లి వస్తోంది. దానికి దెబ్బ తగిలితే ఇంకో చోటు దొరకడం కష్టం. గోతి అంచున నిలబడ్డ పెద్ద సిస్టరును, "ఎడం సేత్తో ఎయ్యొచ్చా అమ్మా?" అని అడిగింది. వేయమని ఆవిడ తల ఊపారు.

మా ఆవిడ వంగి ఎడమ చేత్తో మట్టి తీసింది. కుడి చేతిని కొంగులో చుట్టి రొమ్ముకు అదుముకుంది. ఎవరి మోచెయ్యీ దానికి తగలకుండా జనానికి వీపు అడ్డం పెట్టి, మట్టి వేళ్ల సందుల్లోంచి అంతా జారిపోయేదాకా అలాగే నిలబడింది.