సవతి కాళ్ళకి చింతపండు

ఆ రోజుల్లో అమలాపురంలో సొంత కారున్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేలా ఉండేవి. అలాంటి ఊళ్ళో, ఒక స్కూలు మాస్టారి పెళ్ళాన్నయిన నాకు కారెక్కే యోగం పట్టిందని మా అమ్మ రాజోలంతా చెప్పుకుని మురిసిపోయేది. నేను మాత్రం మురవలేదు. మిగతా ఆడవాళ్ళకి సవతి రెండు కాళ్ళమీద వస్తే, నాకు నాలుగు చక్రాలమీద వచ్చింది. మాకు పెళ్ళయిన ఏడాదే మావారు తాతగారి కొబ్బరితోటలో తన వాటా అమ్మి మరీ దాన్ని కొన్నారు. అమ్మినాయన ఓడమీద ఉద్యోగం చేసి వచ్చి కాకినాడలో స్థిరపడిన పెద్దమనిషి. కారు పాతదే, డొక్కు అన్నా తప్పులేదు (మావారి ఎదుట అనకూడదు). దాని చక్రాలు మాత్రం ఆ ఓడ ఉద్యోగి పైదేశం నుంచి తెచ్చి బిగించిన అల్యూమినియం చక్రాలు. ఊళ్ళో అన్ని కార్లకీ నల్లటి ఇనప చక్రాలుంటే, దీనివి వెండి కంచాల్లా మెరిసేవి. మావారు పొద్దున్నే లేచి, నా ముఖమైనా చూడకుండా దాని దగ్గరికి పోయి, పాత బనీనుతో నాలుగు చక్రాలూ తుడిచాకే కాఫీ అడిగేవారు.

నేను కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, "కొంగు జాగ్రత్తోయ్, ఆ జరీ తగిలితే తలుపు గీసుకుపోద్ది" అనేవారు. చీర ఏ రంగుదో అడిగితే చెప్పలేరని పందెం కాసేదాన్ని. నాకు జ్వరం వస్తే మాత్ర చేతిలో పెట్టి బడికి వెళ్ళిపోయిన మనిషి, దాని బ్యాటరీ దిగిపోతే సెలవు పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయేది. (పొరుగువాడి ఎద్దునీ గాడిదనీ చూసి ఆశపడకూడదని మా పాస్టరుగారు ఏటా చెప్పేవారు గానీ, సొంత మొగుడి కారుని చూసి కుళ్ళుకోకూడదని ఏ ఆదివారమూ చెప్పలేదు. అందుకని నిశ్చింతగా కుళ్ళుకునేదాన్ని.) అసలు ఈ మనిషి మనసులో నాకు చోటుందా, ఉంటే అది ముందుసీటా వెనకసీటా అన్నదే అప్పట్లో నా బెంగ.

ఇలా ఉండగా కొత్తపేటలో మావారి పిన్నిగారి కూతురి పెళ్ళి వచ్చింది. నేను నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, జడనిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చేసరికి మావారు స్టీరింగు ముందు కూర్చుని, లోపలి అద్దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి సవరిస్తున్నారు. దానికి సింగారం చేస్తున్నారు కాబోలనుకుని, ముఖం ముడుచుకుని వెనకసీట్లో అత్తగారి పక్కన కూలబడ్డాను. ముందుసీటు మా మరిదిది. కాలేజీ కుర్రాడు, నోట్లో నువ్వుగింజ నానదు. ఊరు దాటాక కాలవమీద ఒక ఇరుకు వంతెన ఉంది. దానికి రెండు వైపులా జానెడెత్తు రాతిగట్టు. నడిమధ్యలోకి వచ్చేసరికి ఎడమ ముందుచక్రం ఆ రాతికి ఒరుసుకుని, పళ్ళు జివ్వుమనేలా గర్రుమంది. మావారు ఒక్క గెంతులో దిగి, పెళ్ళి బట్టలతోనే మట్టిలో మోకాళ్ళేశారు. చక్రం అంచు జానెడు మేర చెక్కుకుపోయి, లోతుగా చారలు పడ్డాయి.

"ఒరేయ్, నా తల ముందు సీటుకి కొట్టుకుందిరా" అన్నారు అత్తగారు నుదురు తడుముకుంటూ.

"ఉండమ్మా, ఇక్కడ కొంప మునిగితేనూ!" అన్నారు మావారు.

నేను పైకి అయ్యో అన్నాను. లోపల మాత్రం ఆ రాయిని నిండు నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించాను. పెళ్ళిలో మావారు పూతరేకు సగం తిని వదిలేశారు. నేను ఆ సగమూ తిన్నాను.

మర్నాడు చక్రం ఊడదీసి వెల్డింగు షాపుకి తీసుకెళ్ళారు. అతను దాన్ని తిప్పి చూసి, "ఇది ఇనుం కాదండి బాబూ. గ్యాసు పెట్టేనంటే బెల్లప్పాకంలా కారిపోద్దండి. నా వల్ల కాదండి ఆయ్" అని దణ్ణం పెట్టేశాడట. ఇక మావారే పూనుకున్నారు. బడి నుంచి రావడం, వీధరుగుమీద గోనె పరిచి చక్రాన్ని ఒళ్ళో పెట్టుకోవడం, సన్నాకురాయితో రాయడం, గరుకు కాగితంతో రుద్దడం. దొంగలెత్తుకుపోతారని చీకటి పడ్డాక దాన్ని మా గదిలోకే తెచ్చారు. నా ట్రంకుపెట్టెని బయటికి జరిపి మరీ! సవతిని ఇంట్లోకి తేవడమంటే కథల్లో విన్నానే గానీ, ఇలా దొర్లించుకుంటూ తెస్తారనుకోలేదు.

వారం రుద్దాక అంచు నునుపు తేలింది గానీ మెరుపు రాలేదు. అత్తగారు అది చూసి, "గిన్నెకి లేని మందు దీనికెందుకురా? అమ్మాయీ, గుప్పెడు చింతపండు, కొంచెం కొబ్బరిపీచు పట్రా" అన్నారు. తోమాం. నిజంగానే తళుక్కుమంది. ఎంతగా అంటే, దాని పక్కన మిగతా మూడూ వెలవెలబోయాయి. ఇంకేముంది, అవీ తోమాలన్నారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాను. రెండు చక్రాలదాకా ఓర్చుకున్నాను. మూడోదాని దగ్గర పీచు విసిరికొట్టాను.

"సవతి కాళ్ళు కడిగే ఖర్మేంటండీ నాకు? నన్నెప్పుడైనా ఇలా చూసుకున్నారా మీరు?" అని అత్తగారి ముందే బావురుమన్నాను.

మావారు నోరు తెరిచేలోపు మా మరిది అందుకున్నాడు. "అదేంటి వదినగారూ! అన్నయ్య చక్రం ఎందుకు రాసేసేడో మీకు తెలీదా? దారంతా అద్దంలో మిమ్మల్నే చూస్తన్నాడండి. రోడ్డు చూడన్నయ్యా అని నేను రెండుసార్లు గిల్లేను కూడానూ!"

"నోర్ముయ్యరా. స్టీరింగు లాగేసింది" అన్నారు మావారు. చెవులు మాత్రం కనకాంబరాల రంగుకి వచ్చాయి.

అడక్కుండా ఉండలేకపోయాను. "అయితే ఆ రోజు నేనేం చీర కట్టుకున్నానో చెప్పండి చూద్దాం."

ఆయన చేతిలో గరుకు కాగితం వంకే చూస్తూ గొణిగారు: "నెమలికంఠం రంగుది. ఎర్రంచు."

అత్తగారు, "ఇదా సంగతి! నా బొప్పికి కారణం ఇదన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను కళ్ళు తుడుచుకుని, విసిరేసిన పీచు నేనే వెతికి తెచ్చుకున్నాను. మూడో చక్రాన్ని ఇంకాస్త చింతపండు వేసి తోమాను. రాతికి ఒరుసుకున్న చక్రంమీద ఎంత రుద్దినా పోని గీత ఒకటి మిగిలింది. మావారు మళ్ళీ ఆకురాయి తీస్తుంటే, "అది ఉండనివ్వండి" అన్నాను. ఆ కారు అమ్మేసేదాకా ఆ గీత అలాగే ఉంది.

ఇప్పుడు ప్రతి కారుకీ అలాంటి చక్రాలే. మొన్న అమలాపురంలో మందులషాపు ముందు ఆపబోయి మావారు ఫుట్‌పాత్ అంచుకి చక్రం మళ్ళీ గర్రుమనిపించారు. నేను మోకాళ్ళ నొప్పులతో వెనకసీట్లో కాళ్ళు చాపుకుని ఉన్నాను. "ఈసారి ఎవర్ని చూస్తున్నారేంటి?" అన్నాను. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానోయ్" అన్నారాయన. చూస్తే అద్దంలో నిజంగానే నేను లేను, వెనక రోడ్డే ఉంది. ఈ వయసులో కూడా చివుక్కుమంది, ఏం చెయ్యను! ముందుకి వంగి ఆ అద్దాన్ని కాస్త నా వైపు తిప్పాను.

"అలా తిప్పితే నాకు రోడ్డు కనపడదే!" అన్నారు.

"పర్వాలేదు లెండి. ఇంట్లో చింతపండు ఉంది" అన్నాను.