ఎవరూ తీసుకోని హాల్ టికెట్లు

కాకినాడ సదస్సులో అధ్యక్షులు నన్నన్న మాట ఇప్పటికీ మర్చిపోలేదు. తొంభైల చివర్లో, రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతున్న రోజులవి. ఏ దేశంలో కాలేజీ చదువులు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో పోలుస్తూ ఒక పట్టిక తయారుచేసి తీసుకెళ్లాను. ఎంతమంది చేరారు, లెక్చరరుకి ఎంతమంది విద్యార్థులు, చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు. ఆ చివరి గడికి మిగతా దేశాల అంకెలు దొరికాయి. మన దేశానిది దొరక్క గీత పెట్టాను.

"జపానుకి అంకె, మనకి గీతా? తన ఇంట్లో ఎంతమందో తెలీదు గానీ ఊరందరి లెక్కా చెబుతున్నారండి ఈయన," అన్నారు అధ్యక్షులు. హాలంతా నవ్వింది. మా ప్రిన్సిపాల్ గారూ నవ్వారు. రెండో వరసలో, కిటికీ పక్కన కూర్చుని.

తిరిగొచ్చాక మా పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న ఆవిడ దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని, బీరువా తెరిచి, పురికొసతో కట్టిన హాల్ టికెట్ల కట్ట ఒకటి బల్ల మీద పెట్టారు.

"ఫీజు కట్టి పరీక్షకి రానివాళ్లవండి. పారేయమన్నారు. నాకు మనసొప్పలేదు."

ఒక్కోదాని వెనక పెన్సిల్‌తో కారణం రాసి ఉంది. రొయ్యల చెరువు మీద కాపలా. తండ్రికి పక్షవాతం. పెళ్లయింది, అత్తవారిది కోనసీమ. ఇంగ్లీషు పేపరంటే భయం.

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"రోజూ కోరుకొండ నుంచి బస్సులో వస్తాను కదండీ. వాళ్ల ఊరివాళ్లు కనిపిస్తే అడుగుతాను."

"రిజిస్టర్లో మాత్రం వీళ్లంతా ఉన్నారు."

"టీసీ తీసుకోలేదు కదండీ. పేరుంటే చదువుతున్నట్టే."

నేను తిరగేసిన లావుపాటి వార్షిక నివేదికల్లో ఎక్కడా లేని సంగతిది. వారం రోజులు ఆవిడ పక్కనే కూర్చుని, ఫీజు కూడా కట్టకుండా మానేసి కట్టలో లేనివాళ్లను కూడా అడ్మిషన్ రిజిస్టర్లతో సరిచూశాను. ఎక్కడా ఊహించి ఒక్క అంకె వేయనివ్వలేదు ఆవిడ.

"తెలీనిది తెలీదనే ఉండనివ్వండి. మీ గీత తప్పు కాదండి. మన ఒక్క కాలేజీ లెక్క దేశం లెక్క ఎలా అవుతుంది?"

ఆ ఒక్క మాటతో హాలంతా నవ్విన అవమానం నాకు తీరిపోయింది. అంటే, చాలావరకు.

మరుసటి ఏడు అదే సదస్సుకి, అదే అధ్యక్షుల ముందుకి, కట్టతో సహా వెళ్లాను. దేశానికి గీత అలాగే ఉంచి, దాని కింద మా కాలేజీ అంకె వేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులు ఆ టికెట్లు వెనక్కి తిప్పి ఒక్కొక్కటే చదివారు. "ఇవి దాచినవారెవరండీ?" అని అడిగారు. ఆవిడ పేరు చెప్పాను.

సదస్సు పుస్తకం అచ్చయ్యాక చూస్తే 'కార్యాలయ సిబ్బంది సహకారంతో' అని ఉంది. పేరు లేదు. ఆవిడ పేరు వేయమని సదస్సువాళ్లకి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. కోపంగా ఆ పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను.

"అది సరేగానీ సార్, కట్ట తెచ్చారా? ఒక నంబరు కావాలి."

కౌంటరు దగ్గర చంకలో బిడ్డతో ఒకమ్మాయి నిలబడి ఉంది. సప్లిమెంటరీకి ఫీజు కడతానని కోనసీమ నుంచి వచ్చిందట. ఆవిడ కట్టలోంచి ఆ అమ్మాయి టికెట్ తీసి, నంబరు రాసిచ్చి, వెనకున్న మాటల్ని రబ్బరుతో శుభ్రంగా చెరిపేశారు.

"అందుకే పెన్సిల్‌తో రాస్తానండి."

ఆ అమ్మాయి పాసైన రోజున, అచ్చయిన నా అంకె తప్పవుతుంది. దాన్ని గురించి మాత్రం నేను ఎవరికీ ఉత్తరం రాయలేదు.