హెప్సిబా కాగితపు చెట్లు

కంఠేశ్వర్‌లో ఉండే హెప్సిబా పాత పెండ్లిపత్రికలు కత్తిరించి కాగితపు చెట్లు చేస్తుంది. కొమ్మకొమ్మకూ ఇంటివాళ్ల ఫొటోలు అంటించి, ఫ్రేము కట్టిస్తుంది. బంధుప్రేమ ఎంత ముచ్చటగా ఉంటుందో ఆమెనే అడగాలి. చెట్టు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు దాని మీద ఎవరుండాలో తర్వాత చెబుతారు గానీ, ఎవరుండకూడదో మాత్రం గుమ్మంలోనే చెప్పేస్తారు.

మొన్నామధ్య బోధన్ నుంచి సీమోను వచ్చాడు. చెరుకుచేను గట్టు గొడవతో తమ్ముడితో మాటల్లేవు. తల్లి ఎల్లవ్వ ఇద్దరు కొడుకుల భుజాల మీదా చేతులేసి నిలబడ్డ ఫొటో ఇచ్చి, "మా తమ్మున్ని కోసెయ్యక్కా" అన్నాడు. మర్నాడు తమ్ముడు డేనియల్ అదే ఫొటో ఇంకో కాపీ పట్టుకొచ్చాడు. "మా అన్నను తీసెయ్యక్కా!" ఈ ఒక్క విషయంలోనైనా అన్నదమ్ములది ఒకే మాట. హెప్సిబా ఎవరినీ నొప్పించకుండా ఒకరి ఫొటోలోంచి ఇంకొకరిని, అలా ఇద్దరినీ కోసేసింది.

క్రిస్మస్‌కు రెండిళ్ల గోడలకూ రెండు చెట్లు వెలిశాయి. వచ్చిన చుట్టాలంతా తెగ మెచ్చుకున్నారు. ఎల్లవ్వ మాత్రం రెండూ చూసొచ్చి హెప్సిబాకు ఫోన్ చేసింది.

"చెట్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. గని పెద్దోని ఇంట్ల నాకు ఒక్కటే చెయ్యున్నది, చిన్నోని ఇంట్ల గూడ ఒక్కటే ఉన్నది. కొట్లాట వాళ్లదాయె, నా చేతులేం పాపం చేసినయే?"