చెవిటి అత్తయ్య చివరి మాట

మిస్ ఇడెల్లా క్రాఫ్ట్ పోయినప్పుడు మా పెన్నిక్ ఊరి వారపత్రిక ఆవిడ గురించి నాలుగు వరుసలు రాసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై తొమ్మిదేళ్ళు పనిచేసింది, పెళ్ళి చేసుకోలేదు, మెథడిస్టు చర్చికి వెళ్ళేది, పువ్వులు పంపవద్దని కోరింది. అంతే. అదే పేజీలో ఎవరిదో తప్పిపోయిన కుక్క గురించి ఆరు వరుసలున్నాయి. ఒళ్ళు మండి లెక్కపెట్టాను. అందుకే ఇది రాస్తున్నాను. నా పేరు వర్నా. నిజానికి నాకు రాయడం రాదు, కుట్టడం వచ్చు. మా ఊరి ఒపేరా హౌస్‌లో ఇరవై ఆరేళ్ళుగా నాటకాల వేషాలకు బట్టలు కుడుతున్నాను. పేరుకే ఒపేరా హౌస్, అందులో ఒపేరా ఎవరూ పాడిన పాపాన పోలేదు.

మిస్ ఇడెల్లా పగలు టెలిఫోన్లు కలిపేది, సాయంత్రాలు నాటకాలకు ప్రాంప్టింగ్ చేసేది, నటులు మరిచిన మాటలు చాటు నుంచి అందించేది. రెండూ ఒకటే పని అనేది. అందరి మాటలూ చెవిన పడతాయి, ఒక్కటీ బయట పెట్టకూడదు. ఏ డాక్టరు ఏ ఇంటికి ఎందుకు ఫోన్ చేశాడో, ఏ అన్నదమ్ములు ఏ పొలం గురించి కొట్టుకున్నారో ఆవిడకి తెలియనిది లేదు. ఆ నోటి నుంచి ఒక్క ముక్క జారగా విన్నవాళ్ళు మాత్రం ఊళ్ళో లేరు. నేనైతే కడుపుబ్బి చచ్చేదాన్ని.

నాటకం ఆడుతుంటే పక్కతెర చాటున స్టూలు వేసుకుని కూర్చునేది. నటుడు మాట మరిచిపోయాడని వాడు ఊపిరి తీసుకునే తీరులోనే కనిపెట్టేసేది. అప్పుడు అందించే గొంతు గుసగుస కాదు. గుసగుస హాలంతా పాకుతుందట. తగ్గుస్థాయిలో, పొడిగా, మొదటి రెండు మాటలు అనేది. నటుడికి వినపడేది, ముందు వరసకి వినపడేది కాదు. ఒక ఏడాది మా పళ్ళడాక్టరు రాజు వేషం కట్టి రెండో అంకం సాంతం మరిచిపోయాడు. మొత్తం ఆవిడే అందించింది. మర్నాడు చర్చిలో అందరూ ఆయన జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటుంటే ఆయన సిగ్గులేకుండా తలూపాడు. ఆవిడ పక్క బెంచీలో కూర్చుని పాటల పుస్తకం తిరగేసుకుంది.

అసలు కథ 1918లో మొదలైంది. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్ళు. మా ఊరి మహారచయిత, ఇప్పుడు పోస్టాఫీసు ముందు కంచు విగ్రహమై పావురాలకి ఆసరా ఇస్తున్నాడే, ఆయన డెబ్బై దాటి ఉన్నాడు. పుస్తకాలతో దేశమంతా పేరొచ్చింది గానీ, కుర్రతనంలో ఊరూరా తిరిగే నాటక కంపెనీలో వేషాలు వేసిన మనిషి. చివరికాలంలో ఒక హాస్యనాటకం రాశాడు. న్యూయార్క్‌లో ఎవరూ తీసుకోకపోతే, మా ఊళ్ళోనే, మావాళ్ళ చేతే ఆడిస్తానని వచ్చాడు. దాని పేరు ‘చెవిటి అత్తయ్య’. డబ్బున్న ముసలి అత్తయ్య ఇంట్లో మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ చేరతారు. ఆవిడకి వినపడదు కదా అని, మొహం మీద నవ్వుతూనే ఎదురుగా నిలబడి నోటికొచ్చినట్టు తిడతారు. మూడంకాలూ ఇదే. ఆఖర్ని అందరూ ధడాలున తలుపేసి పోతారు. అత్తయ్య ఒక్కతే మిగిలి, తలుపు వైపు తిరిగి ఒక్క మాట అంటుంది. తెర పడుతుంది.

చిక్కంతా ఆ ఒక్క మాట దగ్గరే. పాతకాలపు నాటకాల వాళ్ళకో పట్టింపు ఉంది. నాటకంలో చివరి మాట రిహార్సల్లో పలకకూడదు. టికెట్టు కొన్న జనం ఎదుట, మొదటి ఆట నాడే మొదటిసారి పలకాలి. ముందే పలికితే నాటకం పాడెక్కుతుందని నమ్మకం. ముసలాయన ఇందులో రెండాకులు ఎక్కువే చదివాడు. ఆ మాట కాగితం మీద కూడా పెట్టలేదు. అత్తయ్య వేషం వేసే అమ్మాయి చెవిలో ఒకసారి, ప్రాంప్టర్‌గా కూర్చునే ఇడెల్లా చెవిలో ఒకసారి చెప్పి ఊరుకున్నాడు.

రేపు మొదటి ఆట అనగా, ఫ్లూ జ్వరాలని ఊళ్ళో హాళ్ళన్నీ మూయించారు. పది రోజుల్లో అత్తయ్య వేషం అమ్మాయి పోయింది. క్రిస్మస్ లోపలే ముసలాయన పోయాడు. కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ పట్టలేదు. ఆ చివరి మాట లోకంలో ఇడెల్లా ఒక్కదాని దగ్గరే మిగిలిపోయింది.

యాభై ఐదేళ్ళ తర్వాత ముసలాయన మనవరాలి ఇంటి అటక మీద, టోపీల పెట్టె అడుగున ఆ నాటకం దొరికింది. ఊరు ఊరంతా పండగ. ఎక్కడి నుంచో డాక్టర్ గేలార్డ్ థర్మన్ అనే ప్రొఫెసర్ ఊడిపడ్డాడు. ఆఖరి పేజీలో ‘అత్తయ్య తలుపు వైపు చూస్తుంది’ అని ఉంది, దాని కింద ఖాళీ. ఆ ఖాళీ కాగితం మీద ఆయన నలభై పేజీల వ్యాసం రాశాడు. మహారచయిత కావాలనే మాట లేకుండా ముగించాడట. మనిషి మొర మనిషికి వినపడని ఈ లోకానికి ఆ మౌనం అద్దమట. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, పత్రికలు కూడా అదే వల్లించాయి. మా ఒపేరా హౌస్‌లోనే మొదటి ఆట వేయాలని, పెద్ద నటుల్ని పిలిపించి ఆయన దగ్గరుండి రిహార్సలు మొదలుపెట్టాడు.

అత్తయ్య గౌనుకి నేను చెర్రీ రంగు రిబ్బన్లు కుట్టాను. ముసలాయన తన చేత్తో రాసుకున్నదే అది, చెర్రీ రిబ్బన్లు అని. ప్రొఫెసర్ చూసి, ఇదంతా నల్లరంగులో ముంచెయ్యమన్నాడు. హాస్యనాటకం కాదా అని అడిగితే, పైపైన చదివేవాళ్ళకి అలాగే అనిపిస్తుందన్నాడు. ముంచాను. ఆ రోజు ఆయన్ని కూడా ఆ తొట్లో ముంచాల్సింది.

మొదటి రిహార్సల్ రోజునే మిస్ ఇడెల్లా వచ్చింది. ఆదివారం వేసుకునే బూట్లు వేసుకుని, చేతిసంచీ రెండు చేతులతో పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

“ప్రొఫెసర్‌గారూ, చివర ఒక మాట ఉందండి. అది నా దగ్గరుంది.”

“అలాగా మేడమ్. చెప్పండి, రాసుకుంటాను.”

“మొదటి ఆట నాడు చెప్తాను. ముందు చెప్పకూడదు.”

కాగితమేమైనా ఉందా అని ఆయన అడిగాడు. లేదంది. అప్పుడు విన్నవాళ్ళెవరైనా ఉన్నారా అన్నాడు. అందరూ పోయారంది. ఆయన నటుల వైపు తిరిగి కనుబొమలెగరేసి, ఆవిడ భుజం తట్టాడు.

“మీ వయసులో ఎన్నో వినపడతాయి మేడమ్. మా అమ్మకీ అంతే.”

నటుల్లో ఇద్దరు కిసుక్కుమన్నారు. నా నోట్లో ఆరు గుండుసూదులున్నాయి, లేకపోతే అక్కడే కడిగేసేదాన్ని. ముప్పై తొమ్మిదేళ్ళు ఊరి రహస్యాలన్నీ దాచిన మనిషి ఒక్క మాట కల్పించి చెప్తుందా? ఆ సంగతి తెలిసిన ఒపేరా హౌస్ కమిటీ పెద్దలు నలుగురు అక్కడే కూర్చుని బూట్లు చూసుకున్నారు.

ఆవిడని ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చి పోట్లాడాను. ఆవిడకి గుండె బాగాలేదు, ఆ చలికాలంలో రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళొచ్చింది. ఆ మాట లేకుండా నాటకం ఒకసారి ఆడేసి, అలాగే అచ్చు వేసేస్తే ఇక అదే ఖాయం. ఆ మాట ఆవిడతోపాటే మట్టిలో కలిసిపోతుంది. కనీసం నాకైనా చెప్పమన్నాను. ఆ పట్టింపు పట్టుకుని వేళ్ళాడితే ఎవరికి లాభమన్నాను. నాకు ఆవిడ మీద కూడా అరికాలి మంట నెత్తికెక్కింది.

“వర్నా, ముసలాయన నాకది దాచమని ఇచ్చాడే. గెలవడానికి వాడుకోమని కాదు,” అంది ఆవిడ. ఇంకో కప్పు అడిగింది.

మొదటి ఆట శనివారం మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. ముందు మూడు వరసలూ చందాలిచ్చినవాళ్ళకి. మిస్ ఇడెల్లాకి సీటు లేదు. ఈ రోజుల్లో ప్రాంప్టర్లు ఉండరట, నటులు అన్నీ నేర్చుకునే వస్తారట. నా కుట్టుగదిలో కుర్చీ మోసుకెళ్ళి ఎడమ పక్కతెర చాటున వేశాను. ఎవరైనా అడిగితే గుండీలు కుట్టడానికి సాయం వచ్చానని చెప్పమన్నాను. ఆవిడ కూర్చుని గౌను మోకాళ్ళ మీదికి సర్దుకుంది.

ఆట ఈడ్చుకుంటూ సాగింది. నీరసమైన నీలం లైట్లు, నల్లబట్టలు. జనం నవ్వబోయి, నవ్వొచ్చో నవ్వకూడదో తెలియక దగ్గారు. మూడో అంకం చివర తలుపు ధడాలుమంది. అత్తయ్య వేషం వేసిన కొరీన్ వేసీ, సిన్సినాటీలో ముప్పై ఏళ్ళు నాటకాలాడిన మనిషి, తలుపు వైపు తిరిగింది. పది అంకెలు లెక్కపెట్టి లైట్లార్పాలని ప్రొఫెసర్ ఆజ్ఞ. నేను లోపల లెక్కపెడుతున్నాను. నాలుగు అనుకునేసరికి నా పక్కన ఆ పొడి గొంతు పలికింది. మామూలుగా మొదటి రెండు మాటలే అందించే మనిషి, ఆ రోజు మొత్తం అందించింది.

కొరీన్‌కి ఎవరూ చెప్పలేదు, ఆవిడ ఆలోచించనూ లేదు. పక్కతెర నుంచి మాట వస్తే పలికెయ్యడం ఆ వృత్తిలో ఒంటికి పట్టిన అలవాటు. పలికేసింది.

“మెల్లిగా వెయ్యండర్రా తలుపు. చెవులు పగిలిపోతున్నాయి.”

ముందు బాల్కనీలో ఎవరో ఆడమనిషి కెవ్వున నవ్వింది. అంతే, ఇక ఆగలేదు. అత్తయ్య మొహం మీద మేనల్లుడు అన్నదొకటి, మేనకోడలు అన్నదొకటి, మూడంకాల తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, అదీ విన్నదా, అయ్యో అదీ విన్నదా అని జనం పక్కవాళ్ళ మీద పడి నవ్వారు. లైట్లతను ఆర్పడం మరిచిపోయాడు. చందాలిచ్చిన వరసల్లో ఒకాయన కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మిస్ ఇడెల్లా మాత్రం నవ్వలేదు. ఊపిరి నెమ్మదిగా వదిలింది. యాభై ఐదేళ్ళ పైగా బిగబట్టిన ఊపిరి మరి.

ప్రొఫెసర్ లోపలికి పరుగెత్తుకొచ్చాడు, మొహం బీట్‌రూట్‌లా ఉంది. ఇది రచయితకి ద్రోహమన్నాడు, రేపటి ఆటలో ఆ మాట వినపడకూడదన్నాడు. కొరీన్ రంగు తుడుచుకుంటూ, అంత నవ్వు ఒకసారి వచ్చాక అక్కడ మూగదానిలా నిలబడడం తన వల్ల కాదంది. ఆయన మిస్ ఇడెల్లా మీదికి తిరిగాడు.

“రుజువేదీ? ఆయన మాటే అనడానికి మీ దగ్గర రుజువేదీ?”

“బయట కోట్లు వేసుకుంటూ ఇంకా నవ్వుతున్నారు. వెళ్ళి అడగండి,” అంది ఆవిడ.

పదకొండు ఆటలు ఆడారు, పదకొండుసార్లూ ఆ మాట పలికారు. పత్రికలు కొరీన్ సమయస్ఫూర్తిని ఆకాశానికెత్తాయి. కొరీన్ మంచిది. ఆ మాట నాది కాదు, పక్కతెర చాటున పెద్దావిడ అందించిందని ప్రతి విలేకరికీ చెప్పింది. ఒక్కడూ రాయలేదు. చాటున కూర్చున్న ముసలావిడ ఫోటోకి పనికిరాదు కదా.

మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. తళతళలాడే అట్ట, ప్రొఫెసర్ పేరు రచయిత పేరుకి అంగుళం కింద. చివరి పేజీలో ఆ మాట అచ్చు వేశారు. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఇది రచయితది కాదు, ప్రదర్శనలో నటి చేర్చినది’ అని ఉంది. నేను ఆ పేజీ పట్టుకుని మిస్ ఇడెల్లా ఇంటికి పరుగెత్తాను, వాడి మీద కోర్టుకి వెళ్దామన్నాను. ఆవిడ కింది అక్షరాలు చదివి, పోనీలెద్దూ అంది. ఆ తర్వాత పైన అచ్చయిన మాట చూసింది. ఆవిడకి కోపం రావడం నేను జన్మలో మొదటిసారి అప్పుడే చూశాను. మెడ దాకా ఎర్రబడింది.

అచ్చులో ఇలా ఉంది: “మెల్లిగా వెయ్యండర్రా తలుపు. నాకు అంతా వినిపిస్తోంది.”

ఆయన హాల్లో కూర్చుని, తన చెవులతో విని రాసుకున్నది అదీ. చెవుడు ఎవరికో మీరే చెప్పండి.

“నవ్వు చంపేశాడే,” అంది మిస్ ఇడెల్లా. “జనానికి తెలియాల్సింది వీడే చెప్పేశాక వాళ్ళకింకేం మిగిలింది? ముసలాయన ఆ ఒక్క మాట కోసం మూడంకాలు రాశాడు. నేను కాపాడింది ఇందుకా?”

ప్రచురణకర్తలకి మూడు ఉత్తరాలు రాసింది. ప్రొఫెసర్‌గారు నమోదు చేసినదే తమకి ప్రమాణమని ఒకదానికి జవాబొచ్చింది. అప్పుడు మా ఊరి లైబ్రరీకి వెళ్ళింది. ఉన్న మూడు ప్రతుల్లోనూ ఆ వరస కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో సరైన మాట రాసింది. రాసి దాచుకోలేదు, పుస్తకాలు బల్ల మీదే తెరిచి పెట్టింది. పుస్తకాలు పాడుచేస్తున్నారని లైబ్రరీవాళ్ళు ఆవిడ సభ్యత్వం తీసేశారు. ఈ ఊళ్ళో డెబ్బై అయిదేళ్ళు బతికిన మనిషిని, పిల్లల్ని అదిలించినట్టు, లోపలికి రావద్దన్నారు. ఆవిడ రాసిందంతా రబ్బరుతో చెరిపేశారు. ఆవిడ లైబ్రరీ వాకిట్లో నిలబడి, మళ్ళీ దిద్దడానికి పుస్తకం ఇంటికి తెచ్చిమ్మని వచ్చేపోయేవాళ్ళని అడిగింది. అక్టోబరులో నిద్రలోనే పోయింది.

మట్టిచేసిన మర్నాడు నేను లైబ్రరీకి వెళ్ళాను. మూడు ప్రతులూ తీసుకున్నాను. కొట్టేయాల్సింది కొట్టేశాను, రాయాల్సింది రాశాను. కిందున్న చిన్న అక్షరాల మీద అడ్డంగా గీత గీసి, ‘ఈ మాట రచయితది. దీన్ని కాపాడింది ఇడెల్లా మే క్రాఫ్ట్, ప్రాంప్టర్’ అని పూర్తి పేరు పెట్టాను. పెన్సిల్‌తో కాదు, సిరాతో.