చెప్పుల వరుస

సింధూజ పగ చెప్పుల దగ్గర మొదలైంది. మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచలో యూరియా లారీ వస్తోందంటే చాలు, రైతులు పొద్దున్నే ఎరువులిచ్చే సొసైటీ ముందు చెప్పులు వరుసలో పెట్టి నీడకు పోయి కూర్చునేవాళ్లు. వరుసలో చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. ఓసారి ఆమె నాన్న బీరయ్య చెప్పులు అందరికంటే ముందున్నాయి. సొసైటీ చైర్మన్ బాబురావుకు అది కంటగింపయింది. మొన్నటిదాకా తన పొలంలో కూలి చేసినవాడు తనకంటే ముందా? కాలితో ఆ చెప్పులను మురికి కాలువలోకి తోశాడు. బడి సంచితో పక్కనే ఉన్న సింధూజ కాలువలోకి దిగి వాటిని తీసింది.

ఇప్పుడామె గడ్చిరోలిలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. చెప్పుల వరుస మానేసి, ఎవరి వంతు ఎప్పుడో గోడమీది టీవీలో చూపే పేజీ ఒకటి కావాలని సొసైటీ వాళ్లు అడిగారు. ఆ పనిని పట్టుబట్టి తనే తీసుకుంది.

బాబురావు ఆమెను పిలిపించుకున్నాడు. ఆయనకు పాత చెప్పుల సంగతి గుర్తే లేదు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

“బిడ్డా, వంతులు జర కిందిమీద చేసేటందుకు నాకో బటన్ పెట్టు. మనోళ్లుంటరు గదా.”

“పెడ్త చైర్మన్ సాబ్,” అంది సింధూజ వినయంగా.

పెట్టింది కూడా. డేటా దాచినచోటి నుంచి వివరాలు తెచ్చే పని రిపోజిటరీ క్లాసు అనే కోడు ముక్కది. అది తెచ్చినవాటిలో పేజీకి ఏవి అందించాలో రాసే పని సింధూజది. పేజీ పాపం చేతికిచ్చింది చూపిస్తుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. రైతు పేరు, వంతు చూపిస్తే చాలన్నాడు సొసైటీ గుమస్తా. కానీ వంతు ఎవరు మార్చారో కూడా లోపల నమోదవుతుంది. సింధూజ ఆ వివరాన్నీ పేజీకి అందించింది. న్యాయం కోసమని తనను తాను మభ్యపెట్టుకోలేదు. పగతోనే రాసింది, రాస్తూ నవ్వుకుంది.

యూరియా వచ్చిన రోజు బాబురావు తన గదిలో కూర్చుని బటన్ నొక్కాడు. బయట టీవీలో బీరయ్య పేరు అడుక్కి జారింది. దాని పక్కనే తెలుగులోనూ మరాఠీలోనూ ఇంకో మాట వెలిగింది: వంతు మార్చినవారు బాబురావు.

“నాదీ గంతే. నన్ను గూడ ఈయినే ఎనకకు నూకిండు,” అంది యూరియా కోసం వచ్చిన పోశక్క టీవీకేసి చూపిస్తూ. జనం గదివైపు తిరిగారు.

బాబురావు బయటికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. “గా పేరు తీసెయ్ బిడ్డా.”

“నా చేతుల ఏముంది సాబ్? మీరు ఏం జేస్తే గదే కనవడుతది.”

అబద్ధం. అంతా ఆమె చేతిలోనే ఉంది.

చేసేది లేక బాబురావు లోపలికి పోయి వంతులన్నీ మళ్లీ సరిచేశాడు. ఆ సంగతీ ఆయన పేరుతోనే వెలిగింది. జనం నవ్వుతుంటే సింధూజకు కడుపు చల్లబడింది.

బీరయ్య పేరు మళ్లీ పైకొచ్చింది. అతను నీడలోంచి లేచి, ఈసారి చెప్పులు కాళ్లకే తొడుక్కుని, బాబురావు ముందునుంచి లోపలికి నడిచాడు.