నాలుక కింద నీలం గోలి

మా బడికి పడమటి వైపు కిటికీలు తెరవం. నేను ఇక్కడికి జీవశాస్త్రం టీచరుగా వచ్చేనాటికే వాటికి మేకులు కొట్టి ఉన్నాయి. గోడ అవతల పాశమైలారం కంపెనీల వరుస మొదలవుతుంది. గాలి ఇటు తిరిగిన రోజు ఒక ఘాటు వాసన వచ్చి గొంతులో కూర్చుంటుంది. కిటికీ తెరిస్తే వాసన, మూస్తే ఉడకపోత. ఊపిరితిత్తుల పాఠం కూడా ఆ గదిలోనే చెబుతాను. గట్టిగా గాలి పీల్చి చూడండి అని పుస్తకంలో ఒక పని ఇచ్చారు. దాన్ని చదివి ఊరుకుంటాను.

జీవశాస్త్రం చెప్పేవాళ్లకు బడిలో ఆరోగ్యం పనులన్నీ వచ్చి తగులుకుంటాయి. నులిపురుగుల మందు, కళ్ల పరీక్ష, చేతులు కడుక్కునే పద్ధతి, ఎదిగే ఆడపిల్లలకు చెప్పాల్సిన మాటలు, అన్నీ నావే. "మీరు సైన్సు, పైగా లోకల్" అని మా పెద్దసారు నవ్వుతూ నా నెత్తిన పెట్టారు. లోకల్ అన్న మాట నిజమే. మాది పక్క ఊరే, మా తమ్ముడు ఆ కంపెనీల్లో ఒకదాంట్లో పనిచేస్తాడు. పెద్దసారు నవ్విన ఆ నవ్వే నా ఒళ్లు మండిస్తుంది.

వీటన్నిటిలో నేను పట్టుదలగా చేసేది గురువారం గోలి. రక్తం పెరగడానికిచ్చే నీలం రంగు ఐరన్ గోలి. మధ్యాహ్న భోజనం కాగానే పిల్లలు వరసలో వస్తారు. గోలి చేతిలో పెడతాను, నీళ్లతో మింగుతారు, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తారు. నమ్మి వదిలిన కొత్తలో చేతులు కడిగే తొట్టి నిండా నీలం మరకలే. అప్పటి నుంచి నాలుక చూడందే ఎవరినీ కదలనివ్వను. నా వెనక పోలీసు మేడం అనుకుంటారట. అనుకోనీ.

ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఖోఖోలో ఆమెను అందుకోవడం ఎవరి తరమూ కాదు. అలాంటి పిల్ల చలికాలం మొదట్లో, పొద్దున ప్రార్థన జరుగుతుండగా నిలుచున్నచోటే కూలిపోయింది. కంటి కింది రెప్ప లాగి చూస్తే ఎరుపు జాడే లేదు. ఆరోగ్య కేంద్రానికి నేనే తీసుకెళ్లాను. రక్తం బాగా తగ్గిందనీ, రోజుకొకటి చొప్పున గోలీలు మానకుండా వాడాలనీ, రక్తం పెరిగేదాకా పరుగులు వద్దనీ చెప్పి డాక్టరమ్మ ఒక గోలీల పొట్లం ఇచ్చింది. నాకు అంతుబట్టలేదు. గురువారం గురువారం నా కళ్ల ముందే మింగుతున్న పిల్లకు రక్తం ఇంతగా ఎందుకు తగ్గాలి?

ఆ గురువారం నాలుక చూశాక ఊరుకోలేదు. దవడ కూడా లాగి చూశాను. పళ్లకూ బుగ్గకూ మధ్య నీలం గోలి అతుక్కుని ఉంది.

"ఉమ్మెయ్" అన్నాను. అరచేతిలోకి ఉమ్మింది. నాకు కోపం నషాళానికంటింది.

"ఎప్పటి సంది చేస్తున్నవే ఈ పని? పొట్లంల గోలీలు గూడ గిట్లనే పారేస్తున్నవా?"

"మా నాయిన వద్దన్నడు మేడం. ఏ గోలీ మింగొద్దని ఒట్టేయించుకున్నడు" అని ఏడుపు అందుకుంది.

వాళ్ల నాన్న మందుల కంపెనీలో గోలీల పొడి కలిపే దగ్గర పనిచేస్తాడు. మర్నాడు పొద్దున, బడికి ముందే, డ్యూటీ దిగిన వాళ్లు ఆగే చాయ్ బండి దగ్గర ఆయన్ను పట్టుకున్నాను. నన్ను చూడగానే గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. గొడవకు సిద్ధపడి వెళ్లిన నాకు ఆ మర్యాద ఇబ్బందిగా అనిపించింది.

"మేడం, మీరు సదువుకున్నోళ్లు. నా మాట జెర ఇనుండ్రి. ఆ పొడి కాడికి పోవాల్నంటే మాకు మాస్క్ పెడ్తరు, గ్లౌజులు తొడుగుతరు. బయటికొచ్చేటప్పుడు తానం చేసి బట్టలు మార్చుకుంటెనే గేటు దాటనిస్తరు. చేతికి అంటొద్దన్నదాన్ని బిడ్డ కడుపుల ఎట్ల వెయ్యాలె? మీరే చెప్పుండ్రి."

నేను చెప్పాను. ఆ పొడి వేరు, ఈ గోలి వేరు అన్నాను. రోజంతా పొడి మధ్య నిలబడి పీల్చే మనిషికి ఉండే ముప్పు, డాక్టరు లెక్కకట్టి ఇచ్చిన గోలి మింగే పిల్లకు ఉండదన్నాను. ఆయన తలూపుతూనే విన్నాడు.

"మా సూపర్‌వైజర్ గూడ గిట్లనే ఏం గాదు, ఏం గాదు అంటడు మేడం. ఆయినె లోపటికి రాడు."

నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. ఇంటికి రాగానే పిల్లలు మీదికి ఎగబడతారు. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని స్నానాల గదిలోకి పరిగెత్తుతాడు. ఇంతకాలం అది చూసి నవ్వుకున్నాం.

"బలవంతం జేస్తే బడి మాన్పిస్త" అన్నాడాయన. "కోపంతోని అంటలేను మేడం. భయంతోని అంటున్న."

మళ్లీ తనే అడిగాడు. "తిండితోని రక్తం పెరగదా? ఏం పెట్టమంటె గది పెడ్త."

ఒక్క తిండి చాలదు, గోలి తప్పదు అంటూనే పల్లీలు, బెల్లం, గుడ్డు, తోటకూర అని చెప్పాను. తోటకూర అనగానే ఆయన ముఖం విప్పారింది. "గదైతే మా మడిలనే ఉన్నది! రెండు పూటలా పెడ్త."

వాళ్ల మడి కంపెనీల కింది వైపు, కుంట పక్కన ఉంది. ఆ కుంట నీళ్ల మీద ఎండ పడితే నూనె తెట్టులాంటి రంగులు కనిపిస్తాయి. ఆ వైపు పండిన ఆకుకూర మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు, సంగారెడ్డి నుంచి తెప్పిస్తుంది. ఆ మాట ఆయనతో ఎలా అనను? ఆయన పుట్టినప్పటి నుంచి తింటున్నది అదే. తినమనడానికీ నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. "మంచిది" అని బడి దారి పట్టాను.

పెద్దసారుకు చెబితే, "మింగించాలె మేడం, పైనుంచి ఆర్డరుంది. కానీ తల్లిదండ్రులు గేటు కాడికొచ్చి లొల్లి చేయొద్దు" అన్నారు. రెండూ ఒకే ఊపిరిలో అన్నారు. తర్వాతి పీరియడు తొమ్మిదో తరగతికే. ఆ రోజు వాసన కూడా ఎక్కువగా ఉంది. పిల్లలు చున్నీలు, రుమాళ్లు ముక్కుకు కట్టుకుని కూర్చున్నారు. మేకులు కొట్టిన కిటికీకి ఆనుకుని నిలబడ్డాను. మింగిస్తే ఆ పిల్లకు బడి పోతుంది, మింగించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడికైనా బదిలీ చేయించుకుని పారిపోవాలనిపించింది. మూడో బెంచీలోంచి ఆమె నన్నే చూస్తోంది. పాఠం ఎక్కడ ఆపానో మరిచిపోయాను.

సోమవారం ఆ అమ్మాయి ఒక తోటకూర కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మా అమ్మ పంపింది మేడం. నా కోసం నాయిన దాకా పోయిండ్రని." ఆకులు అరచేయంత వెడల్పున నిగనిగలాడుతున్నాయి. అంత మంచి కూర నేనీమధ్య చూడలేదు. పైకి సంతోషంగా తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి పోతూ దారిలో కట్టేసి ఉన్న మేకల ముందు వేశాను.

మళ్లీ గురువారం వచ్చింది. వరస అంతా అయిపోయాక, చివర ఆ అమ్మాయి ఒక టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడింది. మూత తీసింది. తోటకూర వేపుడు, ఎల్లిపాయ వాసన గుప్పుమంది.

"మేకలకేసిండ్రు గద మేడం. మా అమ్మ సూసింది."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంట్లో వేరే కూర ఉండిందని ఏదో అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

"మా అమ్మ ఏడ్సింది. మా నాయిన మాత్రం నవ్విండు. మేడంకు గూడ నా లెక్కనే భయమున్నదే అన్నడు. మేడం మన కూర తింటె నువ్వు ఆమె గోలి మింగు, రోజూ మింగు, నేనేమనను అన్నడు. ఎదురుంగ కూసోని సూడమన్నడు."

ఆమె నా ఎదురుగా కూర్చుని అరచేయి చాపింది. కింది పెదవి పాలిపోయి ఉంది. ఆ అరచేతిలో నీలం గోలి పెట్టాను. మింగలేదు. నా వైపే చూస్తోంది.

నాకు భయం వేసింది. నిజంగానే వేసింది. ఇన్నాళ్లూ పిల్లలకు ఏం కాదు, ఏం కాదు అని చెప్పిన దాన్ని, ఒక ముద్ద కూర ముందు వెనకాడుతూ కూర్చున్నాను. ఈ పిల్ల ఇది రెండు పూటలా తింటోంది, నేను చెప్పాననే తింటోంది. ఆ ఆలోచన వచ్చాక ఇక డబ్బా పక్కకు జరపలేకపోయాను.

తిన్నాను. కారం సరిగ్గా పడింది. చాలా బాగుంది, అదే నన్ను ఇంకా భయపెట్టింది. మెల్లగా నమిలి, ముద్ద మీద ముద్దగా డబ్బా ఖాళీ చేశాను.

ఆమె గోలి నోట్లో వేసుకుని గ్లాసెడు నీళ్లు తాగింది. అడగకముందే నోరు తెరిచి, నాలుక ఎత్తి, రెండు బుగ్గలూ లాగి చూపించింది. ఎక్కడా ఏమీ లేదు. నేను లేవబోయాను.

"ఆగుండ్రి మేడం" అంది. "మీరు గూడ నోరు తెరువుండ్రి."

నవ్వుతోందేమో అని చూశాను. నవ్వడం లేదు. నోరు తెరిచాను. నాలుక ఎత్తమంది, ఎత్తాను. ముందుకు వంగి, తొందరపడకుండా చూసింది.

"దవడ గూడ సూపియ్యుండ్రి."

నేను వేలు పెట్టి దవడ లాగి చూపించాను.